శ్యామ్ బెనెగల్ తొలి చిత్రాలు

శ్యామ్ బెనెగల్ (1934–2024) సికింద్రాబాద్ తిరుమలగిరిలో పుట్టి పెరిగి, హిందీలో సమాంతర సినిమాకు దారి వేసిన దర్శకుడు. 2005 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్నారు. సినిమా అభిమానుల మాటల్లో ఆయన పేరు వస్తే ముందు ‘మంథన్’, ‘భూమిక’, ‘మండీ’ గుర్తుకొస్తాయి. తెలంగాణ పల్లెలో నడిచే తొలి రెండు చిత్రాలు, ఆ తర్వాత తెలుగులోనే తీసిన ‘అనుగ్రహం’ మాత్రం ఇక్కడి ప్రేక్షకులకు తెలియాల్సినంతగా తెలియవు.

బెనెగల్ ఇంటి భాష కొంకణి. తండ్రి శ్రీధర్ ఫొటోగ్రాఫర్. ఆయన ఇచ్చిన కెమెరాతోనే శ్యామ్ పన్నెండో ఏట మొదటి సినిమా తీశారు. నిజాం కాలేజీలో అర్థశాస్త్రం చదివారు, చదువుకునే రోజుల్లోనే హైదరాబాద్ ఫిల్మ్ సొసైటీని స్థాపించారు. 1959లో బొంబాయి వెళ్ళి ప్రకటనల సంస్థ లింటాస్‌లో కాపీరైటరుగా చేరారు. 1962లో గుజరాతీలో తొలి డాక్యుమెంటరీ ‘ఘేర్ బేఠా గంగా’ తీశారు. ఆపై ప్రకటన చిత్రాలు, డాక్యుమెంటరీలు వందల్లో వచ్చాయి. పూర్తి నిడివి కథాచిత్రం చేతికందేసరికి ఆయనకు నలభై ఏళ్ళు దగ్గరపడ్డాయి.

ఆ కథాచిత్రమే ‘అంకుర్’ (1974). విద్యార్థి దశలోనే రాసిపెట్టుకున్న కథ ఇది. డబ్బు పెట్టేవాళ్ళు దొరకక ఏళ్ళ తరబడి ఆగింది. చివరికి సినిమా హాళ్ళకు ప్రకటనలు సరఫరా చేసే బ్లేజ్ సంస్థ ముందుకొచ్చింది. హైదరాబాద్ దగ్గరి ఎల్లారెడ్డిగూడలో చిత్రీకరించారు. గోవింద్ నిహలానీ ఛాయాగ్రహణం, వనరాజ్ భాటియా సంగీతం. షబానా ఆజ్మీకి ఇదే తొలి చిత్రం. దొర కొడుకు సూర్య (అనంత్ నాగ్) ఊరికొచ్చి, పనిమనిషి లక్ష్మిని (షబానా) చేరదీసి, ఆమె గర్భవతి అయ్యాక ముఖం చాటేస్తాడు. కల్లు దొంగిలించాడని గుండు గీసి గాడిదపై ఊరేగించిన ఆమె భర్త కిష్టయ్య, మాటా వినికిడీ లేని కుమ్మరి, తిరిగొచ్చి కొరడా దెబ్బలు తింటాడు. షబానాకూ, కిష్టయ్యగా నటించిన సాధు మెహర్‌కూ జాతీయ పురస్కారాలు వచ్చాయి. పాత్రలు మాట్లాడేది మన దక్కనీ యాసే. అప్పటి హిందీ తెర మీద ఈ యాస సాధారణంగా హాస్యగాడికే దక్కేది, ఇక్కడ ఏడుపూ కోపమూ దానిలోనే పలికాయి. చివర్లో ఓ పిల్లవాడు దొర కిటికీ మీదికి రాయి విసిరి పరిగెత్తుతాడు, తెర ఎర్రబడుతుంది. ఆ రాయి గురించి వాదన నేటికీ తెగలేదు. కొందరికి అది కథలోంచి మొలిచిన తిరుగుబాటు, మరికొందరికి దర్శకుడు అతికించిన నినాదం. భర్తను కొట్టిన దొరపై లక్ష్మి శాపనార్థాలు విన్నాక ఆ రాయి లేకపోయినా లోటుండదనిపిస్తుంది.

 

1975లో ‘నిశాంత్’ వచ్చింది. రచన విజయ్ టెండూల్కర్. కథాకాలం 1945. బడిపంతులు (గిరీశ్ కర్నాడ్) భార్యను దొర తమ్ముళ్ళు ఎత్తుకుపోతారు. పోలీసూ కలెక్టరూ చెయ్యి దులుపుకుంటారు, చివరికి ఊరే గడీ మీద పడుతుంది. నసీరుద్దీన్ షాకు పేరు తెచ్చిన మొదటి పాత్ర ఇందులోదే. 1976 కాన్ చిత్రోత్సవంలో పోటీకి నిలిచింది. జనగామ ప్రాంతం వాళ్ళకు ఈ సినిమా చూస్తుంటే విసునూరు దేశ్‌ముఖ్ గడీ తలపుకు రాకమానదు. కథాకాలం దాటి ఏడాది తిరగ్గానే, 1946 జూలై 4న, కడవెండిలో ఆ దేశ్‌ముఖ్ మనుషులు సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్యను కాల్చి చంపారు. అయితే తెర మీద దొరలను ఎదిరించిన ఆ సంఘం లేదు, ఎర్రజెండా లేదు. జనాన్ని కూడగట్టేది పంతులూ గుడి పూజారీ. తెలంగాణ సాయుధ పోరాట చరిత్ర తెలిసినవారికి ఇది వెలితి. గుంపు చేతిలో దొరలతోపాటు నిరపరాధులైన స్త్రీలూ చావడం మరింత గుచ్చుతుంది. బెనెగల్ ధైర్యం అక్కడే ఉంది.

‘అనుగ్రహం’ (1978), దాని హిందీ రూపం ‘కొండురా’ చిం. త్ర్యం. ఖానోల్కర్ మరాఠీ నవల ఆధారంగా వచ్చాయి. తెలుగు మాటలు ఆరుద్రవి. ఇంట్లో పడక బయటికి నడిచిన యువకుడికి (అనంత్ నాగ్) కొండురా అనే సిద్ధుడు గర్భాన్ని తీసే వేరు ఇస్తాడు, బ్రహ్మచర్యం పాటించాలని షరతు పెడతాడు. మహిమ తనదేనని నమ్మినవాడు ఇతరుల జీవితాల మీద తీర్పు చెప్పడం మొదలుపెడతాడు, ఆ తీర్పు ఓ అమాయకురాలి బతుకును కూలుస్తుంది. ‘ప్రేమనగర్’ వాణిశ్రీ ఇక్కడ అతని భార్యగా, ఏ హంగూ లేకుండా కనిపిస్తుంది. ఆమె అభిమానులే ఈ చిత్రాన్ని తక్కువగా తలచుకోవడం వింత.

ఆ రెండు మూడేళ్ళలోనే మృణాల్ సేన్ ‘ఒక ఊరి కథ’ (1977), గౌతమ్ ఘోష్ ‘మా భూమి’ (1979) తీశారు. బెంగాల్ నుంచి వచ్చిన ఆ ఇద్దరూ తెలంగాణను తెలుగులో చూపిస్తే, తిరుమలగిరి బిడ్డ అదే నేలను హిందీలో చూపించాడు. తెలుగులో తీసినప్పుడేమో మరాఠీ కథ ఎంచుకున్నాడు. తర్వాత పోచంపల్లి నేతగాళ్ళ మీద తీసిన ‘సుస్మన్’ (1987) కూడా హిందీదే.