ఒకే దారి, వేర్వేరు కంపెనీలు: ఉద్యోగుల రాకపోకలకు ఉమ్మడి ఏర్పాట్లు

హైదరాబాదు పశ్చిమ భాగంలో సైబర్ టవర్స్ నుంచి రాయదుర్గం, గచ్చిబౌలి మీదుగా ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వరకు సాగే ఐటీ కారిడార్‌లో సాయంత్రం పూట గట్టి వాన పడితే ఇల్లు చేరడానికి ఎంతసేపు పడుతుందో అక్కడ పనిచేసేవారికి అనుభవమే. 2023 జులైలో వర్షాలు ముమ్మరంగా కురిసిన రోజుల్లో సైబరాబాదు పోలీసులు ఆ ప్రాంతపు కంపెనీలకు ఒక సూచన చేశారు. అందరూ ఒకేసారి బయలుదేరకుండా, ప్రాంతాల వారీగా మూడు విడతల్లో ఉద్యోగులను ఇళ్లకు పంపాలని, తొలి విడత మధ్యాహ్నం 3 గంటలకే మొదలు కావాలని కోరారు. దీనివల్ల రోడ్డు అంగుళం కూడా వెడల్పు కాలేదు. కొత్త బస్సు ఒక్కటీ రాలేదు. మారింది ఆఫీసు విడిచే వేళ మాత్రమే.

అది వానల వేళ చేసుకున్న ఏర్పాటు. అదే పొందికను నిత్యజీవితంలోకి తెచ్చి, పని వేళలతో పాటు బస్సులు, కార్ల పంపకం, పార్కింగ్, రవాణా భత్యాల వంటి విషయాల్లో ఒక ప్రాంతంలోని యాజమాన్యాలు కలసి నిర్ణయాలు తీసుకోవడాన్ని ఉమ్మడి ప్రయాణ నిర్వహణ అనవచ్చు. అమెరికాలో ఇందుకోసం ప్రత్యేకంగా రవాణా నిర్వహణ సంఘాలు ఉన్నాయి. మన దేశంలో దీనికి స్థిరమైన పేరు ఇంకా లేదు. పని మాత్రం అక్కడక్కడ జరుగుతూనే ఉంది.

ఒక్క కంపెనీ ఎందుకు చాలదు?

రోడ్డు తన సామర్థ్యపు అంచున ఉన్నప్పుడు అదనంగా చేరే కొద్దిపాటి వాహనాలే వేగాన్ని అమాంతం పడగొడతాయి. కొద్దిపాటి వాహనాలు తగ్గినా ఊరట అదే స్థాయిలో కనిపిస్తుంది. పాఠశాలలకు సెలవులిచ్చిన రోజున ఆఫీసుకు త్వరగా చేరిన ప్రతి ఒక్కరికీ ఇది తెలుసు. సంక్రాంతికి నగరం ఊరి బాట పట్టినప్పుడు మిగిలినవారికి మరీ బాగా తెలుస్తుంది.

అయితే ఒక కంపెనీ తన ఉద్యోగులను గంట ముందు పంపితే ఆ ఖాళీలోకి పక్క కంపెనీవారి కార్లు వచ్చి చేరతాయి. శ్రమ ఒకరిది, ఫలితం మరొకరిది. అందువల్ల ఎవరికి వారు ఎదుటివారు మొదలుపెట్టాలని ఎదురుచూస్తారు. ఈ ప్రతిష్టంభన తొలగాలంటే అందరూ ఒకేసారి కదలాలి, లేదా అందరినీ కదిలించగల మధ్యవర్తి ఒకరుండాలి.

బస్సుల విషయంలో లెక్క ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఒక టెక్ పార్కులో పది కంపెనీలున్నాయనుకుందాం. ఒక్కొక్కదానిలో ఉప్పల్ వైపు నుంచి వచ్చే ఉద్యోగులు ఐదుగురే ఉంటే వారికోసం బస్సు నడపడం ఏ కంపెనీకీ గిట్టదు. వారికి క్యాబ్ ఇస్తారు, లేదంటే వారే సొంత వాహనం తెచ్చుకుంటారు. పది జాబితాలను ఒకచోట పెడితే 50 మంది తేలతారు. అంటే నిండు బస్సు. మరోవైపు కూకట్‌పల్లి నుంచి పది కంపెనీల బస్సులు ఒకదాని వెనుక ఒకటి సగం ఖాళీగా రావచ్చు. ఎవరి జాబితా వారి దగ్గరే ఉన్నంతకాలం ఈ రెండు వింతలూ పక్కపక్కనే సాగుతాయి.

హైదరాబాదు, బెంగళూరు అనుభవాలు

హైదరాబాదులో ఆ మధ్యవర్తి పాత్రను చాలావరకు సొసైటీ ఫర్ సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్ పోషిస్తోంది. పోలీసులు, ఐటీ పరిశ్రమ కలసి 2006లో ఏర్పాటు చేసుకున్న సంస్థ ఇది. పేరుకు తగినట్లు దీని తొలి చింత భద్రతే. కంపెనీల ఆర్థిక సహకారంతో నడిచే షీ షటిల్ బస్సులు ఆ చింత నుంచే పుట్టాయి. ఐటీ కారిడార్‌లో మహిళలు వీటిలో ఉచితంగా ప్రయాణించవచ్చు. బస్సులో మహిళా భద్రతా సిబ్బంది ఉంటారు. ఎవరి ఉద్యోగినిని వారే దించుకునే క్యాబ్ పద్ధతికి భిన్నంగా, ఒకే బస్సులో పలు సంస్థల ఉద్యోగినులు వెళ్లడం ఇక్కడి విశేషం. రద్దీ తగ్గించడం దీని ప్రకటిత లక్ష్యం కాకపోయినా, నిండిన ప్రతి బస్సు కొన్ని క్యాబ్‌లను రోడ్డు మీదికి రాకుండా ఆపుతుంది.

బెంగళూరు కథ వేరు. సిల్క్ బోర్డు నుంచి కె.ఆర్.పురం వరకు దాదాపు 17 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వెంబడి మెట్రో రాకముందే కంపెనీలు వచ్చేశాయి. అక్కడి సంస్థలు సంఘంగా ఏర్పడ్డాయి. 2022 ఆగస్టు 30న వరదనీటిలో ఉద్యోగులు గంటల తరబడి చిక్కుకుపోయినప్పుడు, ఆ ఒక్కరోజు నష్టం 225 కోట్ల రూపాయలని ఆ సంఘం ముఖ్యమంత్రికి లేఖ రాసింది. కలసి ఫిర్యాదు చేయడం కలసి బస్సు నడపడం కన్నా తేలిక అన్నది ఇక్కడ గమనించదగిన సంగతి. దక్షిణాన ఎలక్ట్రానిక్ సిటీలో మాత్రం కంపెనీలు నేరుగా డబ్బు పెట్టాయి. కోనప్పన అగ్రహార మెట్రో స్టేషను నిర్మాణానికి ఇన్ఫోసిస్ ఫౌండేషన్ 200 కోట్ల రూపాయలు ఇవ్వడానికి ముందుకు వచ్చింది. పక్కనే ఉన్న హెబ్బగోడి స్టేషనుకు బయోకాన్ తోడ్పడింది. ఆ మార్గంలో 2025 ఆగస్టులో రైళ్లు మొదలయ్యాయి.

ఐటీ రంగమే ఇందులో ముందుండాలన్న నియమం లేదు. రాజధాని నగరంలో పెద్ద యజమాని ప్రభుత్వమే. 2024 నవంబరులో ఢిల్లీ వాయు కాలుష్యం తీవ్రమైనప్పుడు మునిసిపల్ కార్పొరేషన్ కార్యాలయాలకు ఉదయం 8.30, కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు 9, ఢిల్లీ ప్రభుత్వ కార్యాలయాలకు 10 గంటల ప్రారంభ వేళలు ప్రకటించారు. ముంబైలో మధ్య రైల్వే 2023లో తన కార్యాలయ సిబ్బందికే రెండు వేళలు పెట్టి, ఆ తరువాత మిగిలిన సంస్థలను కూడా అలాగే చేయమని కోరింది. లోకల్ రైలులో కాలు మోపే చోటు లేదని ఎవరికైనా చెప్పే ముందు తమ ఇంటి నుంచే మొదలుపెట్టడం సబబైన వరుస.

చట్టం, పన్ను

ఉమ్మడి బస్సుకు ఎదురయ్యే మొదటి చిక్కు పర్మిట్. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ఒక సంస్థ తన వ్యాపార అవసరానికి సొంత సిబ్బందిని తరలించుకునే బస్సు ప్రైవేట్ సర్వీస్ వాహనం అవుతుంది. అది కిరాయికి తిరగరాదు. పక్క సంస్థవారిని ఎక్కించుకుని ఖర్చు పంచుకుంటే అది కిరాయి అవుతుందా అన్న ప్రశ్న వస్తుంది. కాంట్రాక్ట్ క్యారేజ్‌గా బస్సును అద్దెకు తీసుకుంటే ఒప్పందంలో లేనివారిని దారిలో ఎక్కించుకునే వీలులేదు. మధ్య మధ్య ఆగి ఎవరినైనా ఎక్కించుకోవడం స్టేజ్ క్యారేజ్ లక్షణం. చాలా రాష్ట్రాల్లో ఆ పని ప్రధానంగా ఆర్టీసీలదే. కంపెనీలన్నీ ఒక సంఘంగా ఏర్పడి, ఆ సంఘమే ఒప్పందం చేసుకుంటే ఈ చిక్కు చాలావరకు సడలుతుంది. ఆర్టీసీతోనే ఒప్పందం చేసుకుంటే ఇంకా మేలు.

పన్ను నిబంధనల మొగ్గు కూడా చూడాలి. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో, యజమాని సమకూర్చిన వాహనంలో ఇంటికీ ఆఫీసుకూ మధ్య చేసే ప్రయాణాన్ని ఉద్యోగి పొందిన ప్రయోజనంగా లెక్కించలేదు. అదే ఉద్యోగి సిటీ బస్సులోనో మెట్రోలోనో రావడానికి రవాణా భత్యం ఇస్తే, నెలకు 1,600 రూపాయల వరకు ఉన్న మినహాయింపు దివ్యాంగులకు తప్ప మిగిలినవారికి 2018-19 నుంచి రద్దయింది. దాని బదులు అందరికీ స్టాండర్డ్ డిడక్షన్ వచ్చింది. ఇలా కంపెనీ కారుకు దొరికిన వెసులుబాటు బస్సు పాసుకు దొరకలేదు.

పార్కింగ్ అసలు ధర

అమెరికాలో 1973లో త్రీఎం కంపెనీ సెయింట్ పాల్ నగరంలో ఆరు వ్యాన్లతో ఉద్యోగుల ఉమ్మడి ప్రయాణం మొదలుపెట్టింది. ఆ తరువాత 1987లో లాస్ ఏంజెలెస్ ప్రాంతపు వాయు నాణ్యతా సంస్థ 100 మందికి పైగా ఉద్యోగులున్న చోట్ల ప్రయాణ ప్రణాళికలను తప్పనిసరి చేసింది. కాగితాల పని చాలా జరిగింది. వాహనానికి సగటు ప్రయాణికుల సంఖ్య మాత్రం మొదటి ఏడాది స్వల్పంగానే పెరిగింది. యాజమాన్యాల నిరసనల మధ్య 1990ల నడుమ ఆ నిర్బంధం సడలింది.

అదే రాష్ట్రం 1992లో తెచ్చిన మరొక చట్టం ఎక్కువ పాఠాలు నేర్పింది. ఉచిత పార్కింగ్ కోసం స్థలాన్ని అద్దెకు తీసుకునే యజమాని, ఆ స్థలం వద్దన్న ఉద్యోగికి దాని విలువను నగదుగా ఇవ్వాలన్నది ఆ చట్టం. ఆచార్య డొనాల్డ్ షూప్ ఎనిమిది సంస్థల్లో పరిశీలించగా, ఒంటరిగా కారులో వచ్చేవారు 17 శాతం తగ్గారు. ఎవరినీ నిర్బంధించలేదు. కారు తెచ్చినవారికి అప్పటిదాకా కనబడకుండా అందుతున్న మొత్తాన్ని తేనివారికి కూడా చూపించారు, అంతే. మన టెక్ పార్కుల్లో అంతస్తులకు అంతస్తులు పార్కింగ్‌కు కేటాయించి, బస్సులో వచ్చేవారికి గేటు దగ్గర నీడ కూడా లేని చోట్లు చూసినవారికి దీని అర్థం వెంటనే స్ఫురిస్తుంది.

బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ నగరం 2012 నుంచి 11 లేదా అంతకు మించి పార్కింగ్ స్థలాలున్న యాజమాన్యాలపై ఏటా లెవీ వేసి, ఆ రాబడిని ట్రామ్ విస్తరణకు వినియోగించింది. ఫ్రాన్స్ 1971లోనే పారిస్ ప్రాంతంలో యాజమాన్యాల వేతన వ్యయంపై రవాణా చెల్లింపును విధించింది. ఇక్కడ యాజమాన్యాలు కలసి రావడం ఇష్టంతో కాదు, పన్ను ద్వారా. నగరానికి దక్కిన ఫలితాన్ని చూస్తే ఈ తేడా అంత పెద్దది కాదు.

జాబితాలో లేనివారు

కంపెనీల సర్వేలు సాధారణంగా తమ జీతాల పట్టికలోని వారితోనే మొదలవుతాయి. సెక్యూరిటీ గార్డు, హౌస్‌కీపింగ్ కార్మికురాలు, క్యాంటీన్ వంటవాడు ఏజెన్సీల ఉద్యోగులు కనుక ఆ పట్టికలో కనబడరు. ఆఫీసు వేళ 9 నుంచి 8కి మారితే వారు 6 గంటలకే చేరాలి. ఆ వేళకు తొలి సిటీ బస్సు ఉందో లేదో చూసే బాధ్యత ఎవరికీ అప్పగించి ఉండదు. 2011 జనగణన ఉద్యోగ ప్రయాణాల వివరాలు సేకరించింది. వ్యవసాయం, ఇంటి పరిశ్రమ కాక ఇతర పనులు చేసే సుమారు 20 కోట్ల మందిలో కారులో వెళ్లేవారు 3 శాతానికి లోపే. నడిచి వెళ్లేవారు దాదాపు 4.5 కోట్ల మంది. ఆ తరువాత వాహనాలు పెరిగిన మాట నిజమే అయినా, ఈ నిష్పత్తిని మరచి చేసే ఏర్పాటు కారున్నవారి సౌకర్యంగానే మిగులుతుంది.

మరొక వర్గం చిన్న పిల్లల తల్లులు. పని వేళ జరిగితే క్రెష్ వేళ కూడా జరగాలి. కార్ల పంపకంలో చేరాక ఒకరోజు పని ఆలస్యమైతే ఇంటికి ఎలా చేరాలన్నది వారి మొదటి ప్రశ్న. విదేశీ సంఘాలు ఇందుకు హామీ ప్రయాణం అనే పద్ధతి పాటిస్తాయి. అనుకోని అవసరం వస్తే ఇంటికి వెళ్లే క్యాబ్ ఖర్చు సంఘమే భరిస్తుంది. ఆ అవసరం ఏడాదిలో ఒకటి రెండు సార్లే రావచ్చు. ఆ భరోసా లేకపోవడం వల్లనే చాలామంది రోజూ సొంత బండి తీస్తారు.

సెబీ నిబంధనల ప్రకారం అగ్రశ్రేణి 1,000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి బాధ్యతాయుత, సుస్థిర వ్యాపార నివేదిక సమర్పిస్తున్నాయి. కర్బన ఉద్గారాల అంతర్జాతీయ లెక్కల్లో ఉద్యోగుల రాకపోకలు మూడవ పరిధిలోని ఏడవ విభాగం. ఆ పరిధి వెల్లడి సెబీ నివేదికలో తప్పనిసరి కాదు. అయినా లెక్క వేయదలచిన కంపెనీకి ఉద్యోగి ఏ పిన్‌కోడ్ నుంచి, ఏ వేళకు, ఏ వాహనంలో వస్తున్నారన్న మూడు వివరాలు చాలు. ఏజెన్సీ సిబ్బందిని కూడా కలుపుకొని, పేర్లు తీసేసి, పక్క కంపెనీ జాబితాతో జోడిస్తే ఉప్పల్ బస్సు ఎక్కడ ఆగాలో ఆ పట్టికే చెబుతుంది.