పురిటియిల్లు, మంత్రసాని: పెనుగొండసీమ ప్రసూతివిద్యను గూర్చి

హిందూపురము, పెనుగొండ, ధర్మవరము తాలూకాలలో నిరువదియవ శతాబ్ది సగము గడచువఱకును బిడ్డ పుట్టుట యనగా నింట పుట్టుటయే. ఇప్పుడు చదువుకొన్న దంపతులు కొందఱు, నెల తప్పిన తొలినాళ్లనే, శస్త్రములేక యింటనే సహజముగా నీళ్లాడవలెనని సంకల్పించుకొనుచున్నారు. ఇది పూర్వాచారమునకు మరలుట యని వారి తలంపు. ఆ పూర్వాచారము యథార్థముగా నెట్టిదో విచారింపనిదే యీ తలంపు నిలుచునో నిలువదో తేలదు.

తొలుత శాస్త్రము. గర్భిణీసంస్కారములలో తెలుగునాట నేటికిని బేరు నిలిచినది సీమంతము. ‘సీమన్’ శబ్దముపై ‘అంత’ శబ్దము చేరగా సవర్ణదీర్ఘమున ‘సీమాంత’ మగుట న్యాయము. అది పొలిమేరకు చెల్లును. కేశముల పాపట యను నర్థమున మాత్రము పరరూపము వచ్చి ‘సీమంత’ మగునని శకంధ్వాదిగణమునందు వైయాకరణులు వ్యవస్థ చేసిరి. ఆపస్తంబుడు తొలిచూలున నాల్గవ మాసమున దీనిని విధించెను. పారస్కరుడు ఆఱవ మాసమునగాని యెనిమిదవ మాసమునగాని యనెను. ఆపస్తంబగృహ్యమున క్షిప్రంసువన మను కర్మ యొకటి కలదు. ప్రవాహమున కనుకూలముగా ముంచి తెచ్చిన నీటితో, సుఖప్రసవమునకై చేయునది. సుశ్రుతుడు నాల్గవ మాసపు గర్భిణిని రెండు హృదయములు కలదియని చెప్పి ‘దౌహృదిని’ యనెను. ఆ మాటయే కవులచేతిలో పడి, తరువాత అశోకవకుళములకు సయితము దోహదములు చేయవలసివచ్చినది!

సంస్కారములకంటె నిచట ముఖ్యమైనది వైద్యుల మాట. తొమ్మిదవ మాసమునకు ముందే సూతికాగారమును గట్టింపవలెనని చరకసంహిత శారీరస్థానము చెప్పుచున్నది. ఎముకలు, గులకలు, పెంకులు ఏఱివేసిన నేల. తూర్పునకో యుత్తరమునకో వాకిలి. నిప్పునకు, నీటికి, ఱోటికి, స్నానమునకు, మలవిసర్జనమునకు వేర్వేరు తావులు. ఋతువునకు దగిన సుఖము. లోపల నుండవలసిన స్త్రీలు పలుమాఱులు కన్నవారును, వత్సలలును, దిగులు లేనివారును, శ్రమ కోర్చువారును గావలెను. సుశ్రుతుడు వారి సంఖ్య నాలుగని నియమించి, వయసు ముదిరినవారు, ప్రసవము చేయించుటలో నేర్పరులు, గోళ్లు కత్తిరించుకొన్నవారు అని విశేషణములు వేసెను. ఈ కడపటి విశేషణమునకు వెల కట్టరాదు. చేతి మాలిన్యమే బాలింతకు మృత్యువగునని యూరపు వైద్యులకు వియన్నానగరమున సెమ్మెల్వైస్ చూపినది 1847లో.

నొప్పులు రాకమునుపే ముక్కుమనుట కూడదనియు, అట్టి ప్రయత్నము వ్యర్థమనియు చరకము నిషేధించుచున్నది. గర్భిణిచే రోకలి పట్టించి దంపించినచో వేగముగా ప్రసవించునని యొక మత ముండగా ఆత్రేయుడు దానిని ఖండించెను. గర్భిణికి దారుణవ్యాయామము ఎల్లప్పుడును వర్జ్యమని చెప్పుచు, ప్రసవకాలముననే దాని నెట్లు విధింతువని ఆయన యాక్షేపణ. సహజప్రసవ మనగా నూరక వదలివేయుట కాదు, త్వరపెట్టకుండుట యని దీనివలన దేలుచున్నది.

ఇంతమాత్రముచేత గృహప్రసవమే సర్వసమర్థమని వారు తలంపలేదు. గర్భము అడ్డుపడు విధములను కీలము, ప్రతిఖురము, బీజకము, పరిఘము అని సుశ్రుతసంహిత పేరులతో జెప్పుచున్నది. పరిఘ మనగా తలుపునకు వేసిన గడియవలె బిడ్డ యడ్డముగా నిలుచుట. ఇట్టి మూఢగర్భము నుద్ధరించుటకంటె కష్టమైన పని లేదనియు, యజమాని యనుజ్ఞ గైకొని మఱి దొరకొనవలెననియు సుశ్రుతుని శాసనము. కాబట్టి పురిటియింటికి ఎల్ల కలదని మనవా రెఱుంగుదురు. దాటినపిమ్మట శస్త్రము, ఆ శస్త్రమో, తల్లిబిడ్డలలో నొకరినైన దక్కించునో లేదో యను సందేహముతో గూడినది.

గ్రంథములు చెప్పిన ఆ నేర్పరులైన స్త్రీలు పెనుగొండసీమలో నెవరు? సంస్కృతమునం దామెకు పేరు విశేషణములే. తెలుగున ‘మంత్రసాని’ కలదు. ‘సాని’ గౌరవవాచకము, ‘దొరసాని’ లోనిదియు నదియే. హిందూపురమునకు బడమట, దక్షిణమున కన్నడము కలయుటచే ‘సూలగిత్తి’ యను మాటయు వినబడును. దీనిని సంస్కృతపు సూధాతువునుండి తీయబోవు వారు తొందరపడరాదు. కన్నడపు ‘సూలు’, తమిళపు ‘శూల్’, తెలుగు ‘చూలు’ ఒక్క కుదురువి. ‘గిత్తి’ మన ‘కత్తె’ వంటి స్త్రీప్రత్యయము.

పేరు గౌరవమైనదే, బ్రతుకు గాదు. పెక్కుగ్రామముల మంత్రసానులు మంగలివారి, మాదిగవారి యాడువారు. తక్కిన దినముల వారిని దూరముంచిన యిండ్లే పురిటిగదిలో వారి చేతిని నమ్ముకొనెను. సదాశివరాయల యేలుబడిలో (1542-1570) కొండోజు మొదలగు మంగలులను మెచ్చి అళియ రామరాజు వారి కులమువారికి పన్నులు మాన్పించినట్లు తెలుపు శాసనములు పెక్కు దొరకినవి. 1565 యుద్ధమునకు పిమ్మట రాజధాని పెనుగొండకు వచ్చెను. గడ్డము గొఱిగిన వాని పేరు ఱాతికెక్కినది. ఆ యిండ్లనే యుండి రాజ్యమందలి బిడ్డలకు బొడ్డు కోసినవారికి శాసనము లేదు.

ఆంగ్లేయుల కాలమున చెన్నపట్టణమున 1844లో ప్రసూతివైద్యశాల వెలసెను. 1885లో డఫరిన్ ప్రభ్వి పేర నొక నిధియు, మంత్రసానులకు శిక్షణ మిచ్చుటకై 1903లో కర్జన్ ప్రభ్విచే విక్టోరియా స్మారకనిధియు నేర్పడెను. 1926లో మదరాసు నర్సుల, మిడ్‌వైఫుల చట్టము వచ్చెను. 1882లో బళ్లారినుండి విడివడిన అనంతపురమండలపు గ్రామములకు వీని ఫలము చేరుట యాలస్యమైనది. స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వము మంత్రసానులకు సబ్బు, బ్లేడు, దారము గల పొట్లములిచ్చి శుభ్రత నేర్పెను. కొడవలితో బొడ్డు కోయుటవలన బిడ్డలను బొలిగొనిన ధనుర్వాతము తగ్గుటకు ఇదియు, తల్లులకు వేసిన టీకాలును హేతువులు. ఆ వ్యాధి భారతదేశమున ప్రజారోగ్యసమస్యగా నిర్మూలితమైనట్లు 2015లో ధ్రువపడెను. 2000లో ధర్మవరముచెంత బత్తలపల్లిలో గ్రామీణాభివృద్ధి సంస్థవారి వైద్యశాల తెఱవబడెను.

శాసనమునకెక్కని యా కులవిద్యకు పేరు దెచ్చినది ఈ సీమ పొరుగుననే పుట్టిన యొక స్త్రీ. మూడువైపుల అనంతపురసీమచే చుట్టబడిన పావగడ తాలూకాలో, కృష్ణాపురమున, తెలుగు మాతృభాషగా గల సంచారికుటుంబమున పుట్టిన సూలగిత్తి నరసమ్మ అక్షరము లెఱుగదు. అవ్వ మరిగమ్మయొద్ద విద్య నేర్చి, 1940లో తొలిపురుడు పోసెను. డెబ్బదియేండ్లలో పదునైదువేలకు మించిన కాన్పులు, వేతనము గొనక, చేసెను. గర్భస్థశిశువు తల యెచట నున్నదో చేతితో తడవి చెప్పగలదని ప్రసిద్ధి. తుమకూరు విశ్వవిద్యాలయము 2014లో డాక్టరు బిరుదమును, ప్రభుత్వము 2018లో పద్మశ్రీని ఇచ్చెను. ఆ సంవత్సరమే డిసెంబరు 25న, 98వ యేట, బెంగుళూరున గతించెను.

అప్పటికి ఆమె వృత్తికి కాలము చెల్లినది. పరంపరాగత మంత్రసాని నిపుణసహాయకులలో జేరదని ప్రపంచారోగ్యసంస్థ తక్కిన రెండు వైద్యసంఘములతో గూడి 2004లో నిర్ణయించెను. 2005లో జననీసురక్షాయోజనయు, ఆంధ్రదేశమున 108 వాహనమును వచ్చెను. 2019-21 కుటుంబారోగ్యగణనమున ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96.5 ప్రసవములు వైద్యశాలలలోనే జరిగినవి. లక్షజననములకు తల్లుల మరణములు 2018-20లో దేశమున 97, ఆంధ్రప్రదేశ్‌లో 45. ఈ లెక్క ముందు ఆసుపత్రిని నిందించుట యన్యాయము. అయినను అదే గణనమున నూటికి 42.4 కాన్పులు కోతచే నైనవి. త్వరపెట్టవలదన్న ఆత్రేయుని మాట ఇండ్లనుండి పోయి, వైద్యశాలలకు చేరలేదు.

కావున నేడు ఇంట కనగోరు దంపతులకు దొరకునది పూర్వాచారమునం దొక పాలే. ఇల్లు కలదు. నలుగురు నేర్పరులైన స్త్రీలు లేరు. చేయి చూచి పరిఘమును గుర్తింపగల యవ్వ లేదు. 2018లో భారతప్రభుత్వము ప్రకటించిన మార్గదర్శకములలో ఈ లోటు వేఱు విధమున పూరింపబడుచున్నది. నర్సులకు పదునెనిమిది నెలల శిక్షణ మిచ్చి, సహజప్రసవములను వారి చేతికే యప్పగింతురు. వారి గదులు మాత్రము పెద్దవైద్యశాలల యావరణలోనే, శస్త్రాగారమునకు కొన్ని యడుగుల దూరమున నుండును.