సాఫ్టువేరు లైసెన్సు – పత్రాల యాజమాన్యం

సాఫ్టువేరు లైసెన్సు అనగా ఒక కంప్యూటరు ప్రోగ్రామును ఏ షరతులపై వాడుకోవచ్చునో తెలిపే ఒప్పందం. ఆ ప్రోగ్రాముతో తయారుచేసిన వ్యాసం, పుస్తకం, చిత్రం వంటి వాటిపై హక్కు సాధారణంగా రచయితదే గాని సాఫ్టువేరు కంపెనీది కాదు. కలం తయారుచేసినవానికి ఆ కలంతో వ్రాసిన కవిత్వంపై హక్కు లేనట్లే ఇదీను. అయితే కొన్ని లైసెన్సులు, ఫైలు రూపాలు ఈ హక్కు వినియోగానికి అడ్డుపడుతుంటాయి.

చట్టం

భారతదేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం రచనకు తొలి హక్కుదారు రచయిత. ఉద్యోగ విధులలో భాగంగా వ్రాసినదానికి, వేరే ఒప్పందం లేనప్పుడు, ఉద్యోగమిచ్చిన సంస్థ తొలి హక్కుదారు అవుతుంది. 1994 సవరణ ప్రకారం, కంప్యూటరు ద్వారా ఉత్పన్నమైన రచనకు, అది ఉత్పన్నమగుటకు కారకుడైన వ్యక్తియే రచయిత.

స్వేచ్ఛా సాఫ్టువేరు

గ్నూ జీపీఎల్ లైసెన్సు ప్రోగ్రాముకే వర్తిస్తుంది. కనుక ఈ లైసెన్సు గల గింప్‌తో గీసిన బొమ్మను చిత్రకారుడు తన ఇష్టప్రకారం అమ్ముకోవచ్చును. ప్రోగ్రాములోని భాగమే ఫలితంలో చేరినప్పుడు మాత్రం చిక్కు వస్తుంది. గ్నూ బైసన్ తాను తయారుచేసే పార్సరులో తన కోడును కొంత చేరుస్తుంది. అందువలన 1.24 వెర్షనుకు ముందు ఆ పార్సరులను స్వేచ్ఛా సాఫ్టువేరులో మాత్రమే వాడవలసి ఉండేది. తరువాత ప్రత్యేక మినహాయింపుతో ఈ ఇబ్బంది తొలగింది.

వాడకంపై ఆంక్షలు

యాజమాన్యం రచయితదే అయినా వాడకంపై ఆంక్షలు ఉండవచ్చును. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ హోమ్ అండ్ స్టూడెంట్ 2007 ను వ్యాపార కార్యకలాపాలకు వాడరాదని దాని లైసెన్సు నిషేధించింది. 2012 జనవరిలో ఆపిల్ విడుదల చేసిన ఐబుక్స్ ఆథర్ లైసెన్సు, దానితో కూర్చిన పుస్తకాన్ని వెల కట్టి అమ్మదలిస్తే ఆపిల్ ద్వారానే అమ్మాలన్నది. విమర్శలు రాగా, ఈ షరతు ఐబుక్స్ రూపంలోని ఫైలుకే గాని అందలి విషయానికి కాదని ఫిబ్రవరిలో సవరించారు. 2020లో ఈ ప్రోగ్రామును నిలిపివేశారు.

ఫైలు రూపం, ఫాంట్లు

హక్కు ఉన్నంత మాత్రాన పత్రం తెరుచుకోదు. యూనికోడుకు ముందు తెలుగు ఫాంట్ల తయారీదారులు అక్షరాలకు ఎవరి సంకేతాలు వారు వాడుకున్నారు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెలుగు వ్యాసం అర్థంకాని ఇంగ్లీషు అక్షరాలుగా కనబడుతుంది. అనగా రచన రచయితదే, దానిని చదివే తాళంచెవి మాత్రం కంపెనీ చేతిలో ఉన్నది. 1991లో వెలువడిన యూనికోడు తొలి వెర్షనులోనే తెలుగుకు స్థానం లభించింది. పత్రాల రూపాలలో ఓపెన్ డాక్యుమెంట్ 2006లో, ఆఫీస్ ఓపెన్ ఎక్స్ఎంఎల్ 2008లో ఐఎస్ఓ ప్రమాణాలయ్యాయి. బహిరంగ ప్రమాణాలలో భద్రపరచిన పత్రాన్ని, దానిని తయారుచేసిన ప్రోగ్రాము కనుమరుగైనా, వేరొక ప్రోగ్రాముతో తెరవవచ్చును.

ఇవి కూడా చూడండి

కాపీరైటు
స్వేచ్ఛా సాఫ్టువేరు
యూనికోడు