శ్రీశైలపు కాలిబాట

మోటారు బాటలు పడకముందు, నల్లమల నడుమ మల్లికార్జునుడు వెలసిన శిఖరమునకు చేరుటకు కాలిబాటలే దిక్కుగా నుండెను. వానిలో ఆత్మకూరునుండి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారముల మీదుగా సాగు బాట, రాయలసీమనుండియు కన్నడదేశమునుండియు వచ్చు యాత్రికులకు శతాబ్దములుగా ముఖ్యమార్గము. నాగలూటి దాటగానే ఎక్కుడు మొదలగును. పెద్దచెరువు మీదుగా అడవిలో కొంత నెమ్మదిగా నడచిన పిదప, భీముని కొలను కడ లోతైన లోయలోనికి దిగి, దిగినదంతయు మరల నిట్టనిలువుగా ఎక్కినగాని కైలాసద్వారము కానరాదు.

1323లో ఓరుగల్లు పతనమై దేశము అల్లకల్లోలమైన కాలమునకు పిమ్మట, అద్దంకి రాజధానిగా రెడ్డిరాజ్యమును నెలకొల్పిన ప్రోలయ వేమారెడ్డి, శ్రీశైల అహోబలములకు సోపానములు కట్టించెనని శాసనములు కీర్తించుచున్నవి. కోటలు బాగుచేసికొనవలసిన దినములలో, కొండ యెక్కు సామాన్యుని పాదములకై రాళ్లు పరపించిన ఆ ప్రభువు బుద్ధి నాకు ఆయన విజయములన్నిటికంటె మిన్నగా తోచును.

అయినను రాతిమెట్టు ఒకసారి వేసినంతనే బాట నిలువదు. వానకాలమున గడ్డి పెరిగి జాడను కప్పివేయును, వాగులు గట్టులను కోసివేయును. మాఘ ఫాల్గుణములలో ఆకు రాలి దారి తేటపడునప్పటికి నీటిచెలమలు ఎండనారంభించును. శివరాత్రికి, ఉగాదికి వచ్చు జనమునకు ఏ చెలమలో నీరు మిగిలినదో, ఏ వంక పొడవున మృగభయము కలదో తెలిసినవారు చెంచులు. మల్లన్నను తమ యింటి యల్లునిగా భావించి చెంచు మల్లయ్య యని పిలుచుకొను ఆ వనవాసులు దారి చూపకున్న, ఎన్ని సోపానములున్నను యాత్ర సాగెడిది కాదు. వారి సేవను మరచుట మన చరిత్రరచనకు తీరని లోపము.

బాట స్థితిని శ్రద్ధగా వ్రాసి పెట్టిన పుణ్యము ఏనుగుల వీరాస్వామయ్యగారిది. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాసిగా నుండిన ఆయన 1830 మే నెలలో పరివారముతో కాశికి బయలుదేరి, అహోబలము, శ్రీశైలము సేవించి, హైదరాబాదు మీదుగా ఉత్తరమునకు పోయి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరెను. ఆయన మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లె 1838లో ప్రకటించిన ‘కాశీయాత్ర చరిత్ర’లో దేవాలయ వర్ణనలతో సమానముగా దారి వర్ణనలు గలవు: నేల రాతిదా, రేగడయా, మజిలీలో నీరు ఎట్టిది, అంగళ్లున్నవా, దిగుటకు తావు కలదా. మోయు బోయీల కష్టమును ఆయన మరువడు. వెనుక వచ్చువానికి ఉపకరింపవలెనను దయయే ఆ వాక్యముల కన్నిటికి మూలము. ప్రశస్తి మెట్లు కట్టించినవానిని చెప్పును. ఈ గ్రంథము వానిపై నడచినవాని కాళ్ల సంగతి చెప్పును. నాకు ఇది యధిక ప్రమాణము.

ఆపై దోర్నాల వైపునుండియు, మన్ననూరు వైపునుండియు మోటారు బాటలు వచ్చుటతో పాతబాట జనసమ్మర్దము తగ్గి, పర్వదినముల కాలిబాటగా మిగిలెను. 1983లో ఈ యరణ్యము పులుల అభయారణ్య పథకములో చేరిన పిదప, అటవీశాఖ యనుమతి లేక అడవిలో నడువ వీలు లేదు. ఉగాదికి కన్నడ భక్తులు నేటికిని వేలకొలదిగా నాగలూటి మీదుగానే నడచి వచ్చుచుండగా, మోటారు బాటలను మాత్రము వన్యమృగముల రక్షణకై రాత్రి 9 గంటలనుండి ఉదయము 6 గంటల వరకు మూసివేయుచున్నారు.