దోర్నకల్ మిషన్

భారతీయ క్రైస్తవులు సొంత ఖర్చుతో, సొంత మనుషులతో నిజాం రాజ్యంలో నడిపిన సువార్త సేవ. దీని మూలం ఒక చిన్న సముద్ర ప్రయాణంలో ఉంది. 1902లో వేదనాయకం శామ్యూల్ అజరయ్య జాఫ్నా వెళ్లి, అక్కడి తమిళ క్రైస్తవులు స్వయంగా సువార్త సేవ సాగించడం చూశాడు. తన తిరునల్వేలి ప్రాంతపు క్రైస్తవ సంఘాలు ఆ పని ఎందుకు చేయకూడదన్న ఆలోచన 1903లో ఇండియన్ మిషనరీ సొసైటీ అయింది.

సొసైటీ మద్రాసు ప్రెసిడెన్సీ పొలిమేర దాటి దోర్నకల్‌ను ఎంచుకుంది. రాజ్యం వేరు, భాష వేరు. తమిళుడైన అజరయ్య తెలుగు నేర్చుకోవాల్సి వచ్చింది. 1909లో ఆయనే మిషనరీగా వచ్చి, పల్లెలకు ఎద్దుబండి మీద తిరిగాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు.

ఆయన కాలంలో ఏటా జరిగిన సాక్ష్య వారోత్సవం ఈ మిషన్‌కు అసలు బలం. జీతం తీసుకునే బోధకులే కాదు, మాల, మాదిగ కుటుంబాల మామూలు విశ్వాసులూ గుంపులుగా పొరుగూళ్లకు వెళ్లి పాటలు పాడి, తమ అనుభవం చెప్పేవారు. దూరదేశపు దొరల ప్రసంగాలకంటే ఇది ఎక్కువ పని చేసిందనే అనిపిస్తుంది.

అజరయ్య 1945 జనవరి 1న దోర్నకల్‌లో మరణించాడు.