కూతకు గడియారం కట్టిన టీవీ

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు నడివయసు దాటినవాళ్ళను కబడ్డీ గురించి అడగండి. సున్నంతో గీసిన గీతలు, మోకాళ్ళకంటిన మట్టి, చుట్టూ మూగి కేకలేసే ఊరు గుర్తొస్తాయి. ఆ ఇంట్లోనే ఉన్న పదేళ్ళ మనవడికి రంగుల మ్యాటు, దీపాల వెలుగు, తెర మీద 30 నుంచి ఒకటికి దిగిపోయే అంకెలు గుర్తొస్తాయి. తాత ఆడిన ఆట మనవడి దగ్గరికి టీవీ మీదుగా చేరింది. దారిలో కొంత మారింది.

మనం చెడుగుడు అన్నాం, తమిళులు సడుగుడు అన్నారు, మరాఠీలు హుతుతు అన్నారు. పేరుకు తగ్గట్టే ప్రాంతానికో పద్ధతి ఉండేది. 1920లలో మహారాష్ట్రలో దీన్ని నియమాల కిందికి తెచ్చారు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ సమయంలో మహారాష్ట్రలోని అమరావతికి చెందిన హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలి అక్కడ ఈ ఆటను ప్రదర్శించింది. 1950లో అఖిల భారత కబడ్డీ సమాఖ్య ఏర్పడింది. ఎన్ని నియమాలు వచ్చినా ఆటకు కొలత ఒక్కటే, ఊపిరి. కూతకెళ్ళిన ఆటగాడు, అంటే రైడర్, గుక్క తిప్పుకోకుండా కూత పెట్టినంతసేపే అవతలి కోర్టులో నిలబడాలి. మధ్యలో ఊపిరి తీశాడా లేదా అన్నది రిఫరీ చెవి తేల్చాలి. ఊరి పోటీల్లో సగం తగవులు అక్కడే పుట్టేవి.

1982లో ఢిల్లీ ఆసియా క్రీడలతో పాటు దూరదర్శన్‌కు రంగులొచ్చాయి. ఆ క్రీడల్లో కబడ్డీ ఉంది గానీ, ప్రదర్శన వరకే. పతకాలిచ్చే ఆటగా మారింది 1990 బీజింగ్‌లో. అక్కణ్నుంచి 2014 దాకా వరుసగా ఏడుసార్లు పురుషుల స్వర్ణం మనదే. అయినా మనవాళ్ళ టీవీల్లో క్రికెట్టే నడిచింది. తెలుగువాళ్ళు తెర మీద కబడ్డీని తనివితీరా చూసింది సినిమాల్లో: 2003లో ‘ఒక్కడు’, ‘కబడ్డీ కబడ్డీ’, 2010లో ‘భీమిలీ కబడ్డీ జట్టు’. ఇక నిజం ఆటగాడికి దక్కే పెద్ద బహుమతి రైల్వేలోనో పోలీసు శాఖలోనో క్రీడాకోటా ఉద్యోగం.

సరదా ఆటను టీవీ బతుకుతెరువుగా మార్చే కథ అమెరికాలో ముందే ఒకటి జరిగింది. పని దిగిన కార్మికులు సరదాకు ఆడుకునే బౌలింగ్‌ను బతుకుతెరువు చేయాలని ఎడ్డీ ఎలియాస్ అనే లాయరు 1958లో వృత్తి ఆటగాళ్ళ సంఘం పెట్టించాడు. 1962 నుంచి ఏబీసీ టీవీ శనివారం మధ్యాహ్నాలు ఆ పోటీలు చూపించి, మామూలు మనుషుల్ని ఇంటింటికీ పరిచయం చేసింది. 1997లో ఏబీసీ ఆ కార్యక్రమం ఆపేసింది. ఆట పోలేదు. దాన్ని నమ్ముకున్న వృత్తికి మాత్రం గట్టి దెబ్బ తగిలింది.

మన దగ్గరికొస్తే, 2006 దోహా ఆసియా క్రీడల్లో కబడ్డీకి దొరికిన ఆదరణ వ్యాఖ్యాత చారు శర్మ కళ్ళబడింది. ఆయన, పారిశ్రామికవేత్త ఆనంద్ మహీంద్రా కలిసి మశాల్ స్పోర్ట్స్ పెట్టారు. 2014 జూలై 26న ముంబైలో ఎనిమిది జట్లతో ప్రొ కబడ్డీ లీగ్ మొదలైంది. విశాఖ నుంచి తెలుగు టైటాన్స్ దిగింది. తొలి సీజన్‌ను 43.5 కోట్ల మంది చూశారని లెక్క తేల్చారు. మరుసటి ఏడాదే స్టార్ ఇండియా మశాల్‌లో 74 శాతం వాటా కొనేసింది. ఆటను చూపించేవాళ్ళే ఆటకు యజమానులయ్యారు.

ఆ ముద్ర ఆటలో తెలుస్తుంది. వరుసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడోది ‘డూ ఆర్ డై’. పాయింటు తేవాలి, లేదా బయటికి పోవాలి. ఇప్పుడు రైడర్‌ను చూడండి. మధ్యగీత దాటి ఎడమ మూలకు జరుగుతాడు, కాలు చాపుతాడు, వెనక్కి లాగుతాడు. తెర మీద పన్నెండు, పదకొండు, పది. అవతలివాళ్ళు చేతులు పట్టుకుని గొలుసుగా వెనక్కి తగ్గుతారు. నోట్లో కబడ్డీ కబడ్డీ ఆడుతూనే ఉంటుంది, కానీ ఇంట్లో ఎవరూ దాన్ని వినరు, అందరి కళ్ళూ అంకెల మీదే. ఊపిరి కెమెరాకు దొరకదు, 30 సెకన్లు దొరుకుతాయి. ముగ్గురో అంతకు తక్కువో మిగిలిన జట్టు రైడర్‌ను పట్టేస్తే ‘సూపర్ టాకిల్’ కింద అదనపు పాయింటు. ఓడిపోతున్న జట్టు మీద కూడా ఆశ చావకుండా, చూసేవాడు చానెల్ మార్చకుండా అల్లిన నియమాలివి.

డబ్బు మాటా మారింది. 2014లో ఆటగాళ్ళ వేలంలో అత్యధిక ధర రాకేశ్ కుమార్‌ది, రూ. 12.8 లక్షలు. 2023 వేలంలో పవన్ సెహ్రావత్‌కు తెలుగు టైటాన్స్ పెట్టింది రూ. 2.60 కోట్లు. ఆడవాళ్ళకు ఆ భాగ్యం లేదు. 2016లో మూడు జట్లతో వాళ్ళకు పెట్టిన పోటీ ఒక్క సీజన్‌తో సరి.

కరోనా కాలంలో ఇంకో ముచ్చట. 2021 డిసెంబరులో మొదలైన ఎనిమిదో సీజన్ మొత్తం బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని ఒక హోటల్లో, ప్రేక్షకుల్లేకుండా జరిగింది. కుప్పంలో రైలెక్కి బెంగళూరు పనులకు పోయేవాళ్ళు వైట్‌ఫీల్డ్ స్టేషన్ మీదుగానే పోతారు. అంత దగ్గర ఆటను కూడా వాళ్ళు టీవీలోనే చూడాల్సి వచ్చింది. ఆ ఏడు టైటాన్స్ 22 మ్యాచ్‌లాడి ఒక్కటే గెలిచింది.

ఈ వైపు అభిమానం ఒక జట్టుకు కట్టుబడాలని లేదు. పుంగనూరు దాటితే కోలారు జిల్లా, మదనపల్లె నుంచి చింతామణి మీదుగా బెంగళూరు బస్సులు, కుప్పానికి ఒక పక్క తమిళనాడు. బెంగళూరు బుల్స్, తమిళ్ తలైవాస్, తెలుగు టైటాన్స్ మూడు జట్లూ ఇరుగుపొరుగే. పోనీ మన పేరు పెట్టుకున్న టైటాన్స్‌కు వెలుగు తెచ్చిందెవరు? ఉత్తరప్రదేశ్ రాహుల్ చౌదరి, మహారాష్ట్ర సిద్ధార్థ్ దేశాయ్, ఢిల్లీ పవన్. వాళ్ళ ఊళ్ళల్లో ముందు ఆట బలంగా ఉంది, టీవీ తర్వాత వచ్చింది. మన కుర్రాడు వేలంపాట దాకా పోవాలంటే బడిలో ఒక మ్యాటు పడాలి, సాయంత్రం పూట నిలబడి నేర్పే పీఈటీ సారు ఉండాలి. ఆ ఖర్చు ఏ చానెలూ పెట్టదు. బడి, పంచాయతీ, ఊరు కలిసి పెట్టుకోవాల్సిందే.