నాటింగ్‌హామ్ బస్సుకి డబ్బు ఎవరు కడుతున్నారు?

కొత్తగా ఇంగ్లండు వచ్చిన నర్సు చెల్లెళ్లు మన గ్రూపులో తరచూ అడిగే మాట ఒకటుంది. "అక్కా, పొద్దున ఏడింటికి డ్యూటీ, ఆదివారమైతే మా ఊళ్లో మొదటి బస్సే ఎనిమిదిన్నరకి, మీ దగ్గర ఎలా ఉంది?" అని. మన ఇండియా లైసెన్సు మీద ఇక్కడ నడిపేది 12 నెలలే కదా, ఆ తర్వాత ఇక్కడి పరీక్ష పాసయ్యేదాకా బస్సే దిక్కు. నేనుండేది నాటింగ్‌హామ్‌లో. 3 లక్షల పైచిలుకు జనం ఉన్న ఊరు, పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. లండన్‌ని పక్కన పెడితే, మనిషికి ఇన్ని ప్రయాణాలని లెక్క కట్టినప్పుడు బస్సు ఎక్కువగా ఎక్కే ఊళ్లలో బ్రైటన్‌తో పాటు మా ఊరూ ముందుంటుంది. మీ ఊళ్లో లేని బస్సు మా ఊళ్లో ఎందుకుంది అంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మన ఆర్టీసీ సంగతి మీకు తెలుసు. హైదరాబాదు, తిరుపతి రూట్లలో వచ్చిన డబ్బుతో ఊరూరా పల్లెవెలుగు తిప్పేవారు. ఇక్కడా ఒకప్పుడు అదే పద్ధతి. 1930 చట్టం ప్రకారం ఒక రూటులో బస్సు నడపాలంటే లైసెన్సు కావాలి, ఎవరు పడితే వాళ్లు దూరడానికి లేదు. అందుకని లాభమొచ్చే రూటు నష్టమొచ్చే రూటుని మోసేది. చాలా ఊళ్లలో బస్సులు మునిసిపాలిటీవే.

1985లో మార్గరెట్ థాచర్ ప్రభుత్వం దీన్ని తిరగేసింది. రవాణా మంత్రి నికొలస్ రిడ్లీ తెచ్చిన చట్టం 1986 అక్టోబరు 26న అమల్లోకి వచ్చింది. లండన్‌కి, ఉత్తర ఐర్లండుకి మినహాయింపు. మిగతా బ్రిటన్ అంతటా ఎవరైనా, ఏ రూటులోనైనా, ఇష్టమొచ్చిన ధరకి నడుపుకోవచ్చు. ఇష్టం లేకపోతే 42 రోజుల ముందు నోటీసిచ్చి మానేయొచ్చు. పోటీ పెరిగితే టికెట్టు తగ్గుతుంది, బస్సులు పెరుగుతాయి అన్నారు.

జరిగింది వేరు. డార్లింగ్‌టన్ కథ వినండి. 1994లో అక్కడి కౌన్సిల్ తన బస్సు కంపెనీని అమ్మకానికి పెట్టింది. స్టేజ్‌కోచ్‌కి అది దక్కలేదు. ఆ సంస్థ అక్కడి డ్రైవర్లకి డబ్బు ఆశ చూపించి తనవైపు తిప్పుకుంది, అవే రూట్లలో టికెట్టు లేకుండా ఉచితంగా బస్సులు తిప్పింది. కొన్ని వారాల్లోనే పాత మునిసిపల్ కంపెనీ మూతపడింది. ఉచిత బస్సు అనగానే మనకి జీరో టికెట్టు గుర్తొస్తుంది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో, 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రాలో ఆడవాళ్లకి ఇస్తున్నది ప్రభుత్వం భరించే ఉచితం. డార్లింగ్‌టన్‌లో ఇచ్చింది ఎదుటివాడి గొంతు నొక్కడానికి ఇచ్చిన ఉచితం. రెండూ ఒకటి కావు.

ఇక పొద్దున్నే వెళ్లే బస్సు, రాత్రి బస్సు, ఆదివారం బస్సు? వాటిలో జనం తక్కువ. లాభం లేదని కంపెనీలు వదిలేసినవాటిని కౌన్సిలే టెండరు పిలిచి, తన డబ్బిచ్చి నడిపించుకోవాలి. 2010 తర్వాత కౌన్సిళ్లకి నిధులు తెగ్గోసేసరికి ముందు పోయినవి అవే. ఆఫీసులకి వెళ్లేవాళ్ల బస్సు మిగిలింది, వార్డుల్లో, కేర్ హోముల్లో షిఫ్ట్‌లు చేసే మన బస్సు పోయింది.

కొన్ని ఊళ్లు మాత్రం తమ బస్సు కంపెనీని అమ్మలేదు. ఎడిన్‌బరో, రెడింగ్, బ్లాక్‌పూల్, నాటింగ్‌హామ్ వాటిలో ఉన్నాయి. చట్టం ప్రకారం విడి కంపెనీగా పెట్టాల్సి వచ్చినా నాటింగ్‌హామ్ సిటీ ట్రాన్స్‌పోర్ట్‌లో ఎక్కువ వాటా ఈనాటికీ కౌన్సిల్‌దే. లాభమొస్తే ఊరి దాటి పోయేది తక్కువ.

అది ఒక్కటే చాలదని కూడా ఈ ఊరివాళ్లకి తెలిసింది. అప్పుడే ఎవరూ చేయని పని ఒకటి చేశారు. 2000లో వచ్చిన రవాణా చట్టంలో ఒక వెసులుబాటు ఉంది: ఉద్యోగుల కార్లు పెట్టుకునే స్థలం మీద యజమాని దగ్గర పన్ను వసూలు చేయొచ్చు. నాటింగ్‌హామ్ 2012 ఏప్రిల్ నుంచి వసూలు మొదలుపెట్టింది. 11 లేదా అంతకన్నా ఎక్కువ స్థలాలున్న సంస్థ ఒక్కో స్థలానికి మొదటి ఏడాది 288 పౌండ్లు కట్టింది. ఇప్పుడు అది 500 దాటింది. చిన్న దుకాణాలకి పన్ను లేదు. ఆ డబ్బు రవాణాకే ఖర్చు పెట్టాలని చట్టంలోనే ఉంది, కాబట్టి ఇంకో అవసరానికి మళ్లించే వీలు లేదు. ఏడాదికి సుమారు 90 లక్షల పౌండ్లు వస్తుంది.

గొడవ కాలేదనుకోకండి. వ్యాపార సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి, ఊరు వదిలిపోతామన్నవాళ్లూ ఉన్నారు. కొందరు యజమానులు ఆ పన్నుని ఉద్యోగుల మీదికే తోశారు. టీచర్లు, తక్కువ జీతాలవాళ్లు మేమెందుకు కట్టాలని అడిగారు. న్యాయమైన ప్రశ్నే అది. రోగులకి నేరుగా సేవచేసే ఎన్‌హెచ్‌ఎస్ చోట్లకి, అంబులెన్సు, ఫైర్ లాంటివాటికి మినహాయింపు ఇచ్చారు. రాత్రి రెండింటికి వార్డు నుంచి బయటపడే మనిషికి కారు తప్ప గతి లేదని ఎవరో ఒకరికి తట్టింది, అంతవరకు సంతోషం. నన్నడిగితే, ఈ పన్నులో మంచి సంగతి ఏంటంటే రోడ్డు నింపేవాళ్ల నుంచి తీసుకుని రోడ్డు ఖాళీ చేసేవాళ్లకి ఇవ్వడం.

ఆ డబ్బులో ఎక్కువ భాగం ట్రాము రెండో దశకి పోయింది. 2015 ఆగస్టులో మొదలైన ఆ లైన్లలో ఒకటి క్వీన్స్ మెడికల్ సెంటర్ పక్క నుంచే వెళ్తుంది. ఇక్కడ పనిచేసే మన మలయాళీ, తెలుగు అమ్మాయిలకి ఆ స్టాపు బాగా తెలుసు. కొంత రైల్వే స్టేషన్ బాగుచేయడానికి, కొంత లాభం రాని రూట్లలో తిరిగే లింక్ బస్సులకి వెళ్లింది.

ఇదంతా స్వర్గమని చెప్పడం లేదు. 2023 నవంబరులో మా కౌన్సిల్ తన దగ్గర డబ్బు చాలడం లేదని సెక్షన్ 114 నోటీసు ఇచ్చింది. మామూలు మాటల్లో దివాళా. లైబ్రరీలు, యువజన కేంద్రాలు అన్నిటి మీదా కత్తెర పడింది. పార్కింగ్ పన్ను విడిగా ఉండబట్టి రవాణాకి ఆ కాస్త ఆసరా మిగిలింది.

మీ ఊళ్లో సంగతి? 2017 చట్టం కౌన్సిళ్లు కొత్తగా బస్సు కంపెనీ పెట్టకూడదంది. 2025లో వచ్చిన కొత్త చట్టం ఆ నిషేధాన్ని తీసేసింది. ఏ రూటులో ఎన్నింటికి బస్సు ఉండాలో స్థానిక ప్రభుత్వమే నిర్ణయించే పద్ధతిని మాంచెస్టర్ 2023 సెప్టెంబరులో మొదలుపెట్టి 2025 జనవరికి పూర్తిచేసింది. కౌన్సిళ్లు బస్సుల గురించి అభిప్రాయం చెప్పమని అప్పుడప్పుడు ఆన్‌లైన్‌లో ఫారాలు పెడతాయి. ఈసారి కనబడితే మీ షిఫ్ట్ ఎన్నింటికో, మొదటి బస్సు ఎన్నింటికో రెండు అంకెలూ రాయండి. పక్కింటి ఆవిడతో కూడా రాయించండి.